పోటు వేళ ఒక్కటే చూస్తే చాలదు

విశాఖ ఆర్కే బీచ్ నుంచి భీమిలి దాకా సాయంత్రం పూట గాలం పట్టుకుని నిలబడేవాళ్లు ఇప్పుడు చాలామందే కనిపిస్తున్నారు. జాలరిపేటల్లో పుట్టి పెరిగినవాళ్లు కొందరు, సెలవు దొరికితే రాడ్డూ రీలూ పట్టుకుని వచ్చే ఉద్యోగులు కొందరు. కొత్తగా దిగినవాళ్లకు ముందుగా చెవిన పడేవి మూడు నాలుగు సలహాలు: పోటు మీద వెయ్యి, పౌర్ణమికి రా, ముసురు పడితే మానెయ్యి. వీటిలో కొన్ని సగం నిజాలు. కొన్ని వేరే తీరాలకు మాత్రమే నిజాలు. ప్రాణం మీదికి తెచ్చేవి కూడా ఉన్నాయి, వాటి సంగతి చివర్లో చెబుతాను.

అపోహ: నీరు నిండుగా ఎక్కినప్పుడే చేప పడుతుంది

నీరు ఎంత ఎత్తున ఉందన్నదాని కంటే, అది కదులుతోందా లేదా అన్నదే చేపకు ముఖ్యం. పోటు నిండిన కాసేపు నీరు దాదాపు నిలబడిపోతుంది. తిండిని మోసుకొచ్చే ప్రవాహం ఉండదు, చేప కూడా నెమ్మదిస్తుంది. మన తూర్పు తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పాటు నుంచి పోటుకు సుమారు ఆరుంపావు గంటలు పడుతుంది. ఈ సమయమంతా నీరు ఒకే వేగంతో ఎక్కదు. మొత్తం ఎక్కుదలను 12 వంతులు చేస్తే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఆ తర్వాత మళ్లీ రెండు, ఒకటి. అంటే మధ్యలో ఉన్న రెండు గంటల్లోనే సగం నీరు కదిలిపోతుంది. దిగేటప్పుడూ ఇదే లెక్క.

మొగల దగ్గర, పాయల్లో అయితే దిగే నీరే తరచుగా మేలు. కోరింగ మడల్లో పాటు తీయడం మొదలైతే, వేళ్ల మధ్య దాక్కున్న రొయ్య పిల్లలూ చిన్న చేపలూ నీటితోపాటు పెద్ద పాయలోకి రాక తప్పదు. పండుగప్ప ఆ దారిలోనే ఏ దుంగ చాటునో, రాయి చాటునో ప్రవాహానికి ఎదురు తిరిగి కాచుకుని ఉంటుంది. అక్కడ పోటు నిండేదాకా కూర్చుని, నీరు దిగడం మొదలవగానే సామాను సర్దుకుని వెళ్లేవాళ్లు అసలు వేళను వదులుకుంటున్నట్టే.

ఇసుక తీరం సంగతి వేరు. పాటు బాగా తీసినప్పుడు ఒడ్డు వెంట ఒకసారి నడిచి చూడండి. ఒకచోట అల దూరంగానే విరిగి తెల్లటి నురుగు పరుస్తుంది. అక్కడ నీటి కింద ఇసుక దిబ్బ ఉందన్నమాట. దాని పక్కనే అల విరగకుండా, నీరు కాస్త ముదురు రంగులో కనిపించే జాగా ఒకటి ఉంటుంది. అది లోతైన గాడి. పోటు ఎక్కుతున్నకొద్దీ చేప ఈ గాడి గుండా ఒడ్డు దగ్గరికి వచ్చి, అలలు తవ్విపోసిన ఇసుకలో చిన్న పీతలనూ పురుగులనూ ఏరుకుంటుంది. ఎర పడాల్సింది గాడి అంచున. ఎంత దూరం విసిరితే అంత పెద్ద చేప అనుకుని దిబ్బ దాటించి వేస్తే, తినే చేప వెనకాలే ఉండిపోతుంది. ఈ గాడిని గుర్తు పెట్టుకోండి, దీనితో ఇంకో పని ఉంది.

అపోహ: పౌర్ణమి పోటే అన్నిటికంటే పెద్దది

అమావాస్యకైనా పౌర్ణమికైనా సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు ఒకే వరుసలోకి వస్తాయి. రెండు పోట్లూ పెద్దవే. ఈ రెంటిలో ఏది పెద్దదన్నది ఆ రోజుల్లో చంద్రుడు మనకు ఎంత దగ్గరగా ఉన్నాడన్నదాన్ని బట్టి మారుతుంది. పైగా అన్నిటికంటే పెద్ద పోటు సరిగ్గా ఆ తిథినాడే రాదు, సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది. పోటు వేళ కూడా రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి నిన్నటి వేళకే ఇవాళా వస్తే కుదరదు.

వెన్నెల రాత్రి చేప పడదనే మాట వలల వాళ్లది. నిండు వెన్నెల్లో వల చేపకు కనిపిస్తుంది, దీపం వెలుగుకు చేపలు గుమిగూడడమూ తగ్గుతుంది. ఆ లెక్కను గాలానికి అంటగట్టడం సరికాదు.

అపోహ: పోటు పాఠం ఏ తీరంలోనైనా ఒకటే

బ్రిటన్‌లోని బ్రిస్టల్ చానల్‌లో పోటుకూ పాటుకూ తేడా 12 మీటర్లు దాటుతుంది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలోనూ 10 మీటర్ల వరకు ఉంటుంది. విశాఖలో పెద్ద పోటు రోజుల్లో కూడా అది సుమారు మీటరున్నర. ఆ తీరాలవాళ్ల వీడియోలు చూసి ఇక్కడ గంటలు లెక్క పెట్టుకుంటే ఫలితం ఉండదు. మన దగ్గర గాలి, అల, రుతువు చాలాసార్లు పోటును మించి పనిచేస్తాయి. విశాఖలో సగటు సముద్ర మట్టమే మార్చి, ఏప్రిల్ నెలల కంటే అక్టోబరు, నవంబరులో దాదాపు అరమీటరు ఎక్కువ. వేసవిలో పొడి ఇసుకగా ఉన్న చోటు కార్తీకంలో నీళ్లలో మునిగి ఉండడం అందుకే.

ఇంకొక మాట. పట్టికలో ఉండే వేళ రేవుది. ఉప్పుటేరు వెంట లోపలికి వెళ్లేకొద్దీ పోటు ఆలస్యంగా చేరుతుంది. కొన్ని మొగల్లో పోటు నిండాక కూడా కాసేపు నీరు లోపలికే నడుస్తుంది. మీరు కూర్చునే చోట ఆ తేడా ఎంతో గడియారం పెట్టుకుని చూసుకోవాల్సిందే.

అపోహ: వాయుగుండం పడితే గాలి పీడనం తగ్గి చేప నోరు కట్టేస్తుంది

వినడానికి శాస్త్రంలాగే ఉంటుంది. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది, పీడనం పడిపోతే అది ఉబ్బుతుంది, చేపకు తిండి సహించదు అంటారు. లెక్క వేసి చూద్దాం. ఒక మిల్లీబారు పీడనం సుమారు ఒక సెంటీమీటరు నీటి బరువుకు సమానం. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన హుద్‌హుద్ తుపాను కేంద్రంలో పీడనం 950 మిల్లీబార్లకు పడిపోయింది. మామూలు కంటే 60 తక్కువ అనుకుందాం. చేప మూర కంటే కాస్త ఎక్కువ పైకి ఈదితే కలిగే తేడా అంతే. మామూలు వాయుగుండానికైతే జానెడు కూడా ఉండదు. రోజూ పోటుపాట్లకు మీటరు తేడాను భరించే చేపకు ఇదొక లెక్కా?

అయినా వాయుగుండం ముందు చేప పడడం మారే మాట నిజం. గాలి తిరుగుతుంది, పెద్ద అలలు అడుగు ఇసుకను లేపుతాయి, నీరు బురదబారుతుంది, వెలుగు తగ్గుతుంది. కొన్ని చేపలు లోతుకు పోతాయి, కొన్ని ఆ కలతలో తిండి వెతుక్కుంటూ ఒడ్డుకు వస్తాయి. కారణం పీడనం కాదని తెలిస్తే చూపు బారోమీటరు మీద నుంచి నీటి మీదికి మళ్లుతుంది.

అపోహ: గాలి ఎటు వీస్తే పైనీరు అటే పోతుంది

ఒడ్డున అలకు ఇది చాలావరకు నిజమే గానీ తీరమంతటి నీటికి కాదు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలుగా ఉంటుంది. వేసవి ముందు నెలల్లో గాలి తీరం వెంటే, నైరుతి నుంచి వీస్తుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో పైనీరు మొత్తంగా గాలికి కుడివైపుకు, అంటే ఇక్కడ నడిసముద్రంలోకి జరుగుతుంది. ఆ ఖాళీని నింపడానికి అడుగు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది. మార్చి, ఏప్రిల్‌లో మాడు పగిలే ఎండలో కొన్ని రోజులు కాలికి నీరు చల్లగా తగలడం వెనక ఉన్నది ఇదే. 1950ల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఇక్కడి సహచరులతో కలిసి వాల్తేరు సముద్రంలో దీన్ని పరిశీలించారు. అడుగు నీటితో వచ్చే పోషకాల వల్ల నాచు పెరుగుతుంది, దాని వెంట కవ్వలు, కానాగంతలు, వాటిని వేటాడే పెద్ద చేపలు వస్తాయి. దీనికి రోజులూ వారాలూ పడుతుంది. ఇవాళ గాలి మారింది, సాయంత్రానికి చేప వస్తుందనుకుంటే రాదు.

అపోహ: ఆకాశం తేటగా ఉంటే సముద్రం నెమ్మదిగా ఉన్నట్టే

అన్నిటికంటే దీనికే నేను భయపడతాను. దక్షిణ హిందూ మహాసముద్రంలో ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో లేచిన తుపాను అలలు కొన్ని రోజులు ప్రయాణించి, ఇక్కడ ఆకు కదలని రోజున ఒడ్డుకు చేరతాయి. ఒక అలకూ ఇంకో అలకూ మధ్య వ్యవధి 15 సెకన్లు దాటవచ్చు. పావుగంటసేపు సముద్రం మామూలుగానే ఉండి, ఆ తర్వాత నాలుగైదు పెద్ద అలలు గుంపుగా వస్తాయి. గాలం వేసేవాళ్లు నిలబడే రాళ్లు చాలాచోట్ల వాటికి అందుతాయి. రాయెక్కే ముందు అరగంట దూరం నుంచి చూడండి. రాయి తడిగా ఉంటే అల అక్కడిదాకా వస్తోందనే అర్థం. పోటు ఎక్కుతుంటే వెనక్కి వచ్చే దారి ముందే మునుగుతుందేమో కూడా చూసుకోవాలి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ అలల ఎత్తు, వ్యవధి రోజూ ముందుగా చెబుతోంది. ఎత్తు ఒక్కటే చూసి ఊరుకోకండి.

నడుము లోతు నీళ్లలో నిలబడి విసిరేవాళ్లు కొట్టుకుపోతే, పాటు లాగేసిందంటారు. ఆ పని చేసేది ఒడ్డుకు ఎక్కిన అలల నీరు తిరిగి వెళ్లే ఇరుకు ప్రవాహం. అది పోటులోనూ ఉంటుంది, నీరు తగ్గినప్పుడు మరింత బలపడడం మామూలు. అది పారేది ఇందాక చెప్పిన గాడి గుండానే. చేప తిరిగే చోటూ మనిషిని లాగే చోటూ ఒకటే. కాబట్టి ఎర గాడి అంచున పడాలి, కాళ్లు మాత్రం పొడి ఇసుక మీద ఉండాలి. పొరపాటున చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు. తేలుతూ ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, అలలు విరిగే చోటి నుంచి బయటికి రావాలి.

రేవులో ఎగరేసే ప్రమాద సూచికల అంకెలనూ తప్పుగా చదువుతుంటారు. అంకె పెరిగితే ప్రతిసారీ తీవ్రత పెరిగినట్టు కాదు. 5, 6, 7 నంబర్లు ఒకే స్థాయి ప్రమాదానివి. తుపాను రేవును ఎడమకు వదిలి తీరం దాటుతుందా, కుడికి వదిలా, రేవు మీదుగానా అన్నదే వాటి మధ్య తేడా. 8, 9, 10 కూడా ఇలాగే, ఇంకా తీవ్రమైన తుపానుకు. 1, 2 నంబర్లు వాయుగుండమో తుపానో దూరాన ఉందని చెబుతాయి. దూరానే కదా అని ఆ రోజు రాళ్ల మీదికి వెళ్లేవాళ్లున్నారు. గాలీ వానా రాకముందే తుపాను అలలు తీరానికి చేరతాయి కాబట్టి, రెండో నంబరు ఎగిరిన రోజే గాలం ఇంట్లో పెట్టేయాలి.