సర్వరులో దేని తావు దానికే

విత్తనపు వేరుసెనగను వంటచెరకుతో కలిపి యుంచు రైతు మన లత్తేరి ప్రాంతమున లేడు. విద్యార్థుల తెలుగు వ్రాతలను వెబ్ సైటున నుంచునప్పుడును మనము ఈ వివేకమునే పాటింపవలెను.

సర్వరనగా ఎల్లవేళల మేల్కొనియుండి, అడిగినవారికి పుటల నందించు కంప్యూటరు. అందలి డైరెక్టరీలు ఇంటి గదుల వంటివి. లినక్సు పద్ధతిలో ఏ గది దేనికో తెలుపు నియమావళి 1994లో వెలువడెను. 2015లో దాని 3.0 కూర్పు వచ్చెను. దాని ప్రకారము ‘ఈటీసీ’ అమరికలకు, ‘వార్’ మారుచుండు సమాచారమునకు ఏర్పడినవి.

ప్రోగ్రాము క్రొత్త కూర్పు వచ్చినపుడెల్ల దానిని తేదీ పేరుగల వేరు డైరెక్టరీలో నుంచి, ‘కరెంట్’, అనగా ‘ఇప్పటిది’ అను లింకును దానివైపు త్రిప్పుదుము. దోషము కనబడినచో లింకును మరలింపగా పాత ప్రోగ్రామే నడచును. పిల్లల వ్యాసములు, చిత్రములు మాత్రము ఈ కూర్పుల వెలుపల నుండవలెను; లోపల నున్నచో పాత కూర్పును తొలగించునాడు అవియు నశించును. రహస్యపు పాస్‌వర్డులు అందరికిని కనబడు డైరెక్టరీలో నుండరాదు. వ్రాతల ప్రతి యొకటి వేరొక యంత్రమునందును ఉండవలెను.

ప్రోగ్రామును మరల తెచ్చుకొనవచ్చును; బాలుడు తన తెలుగులో తొలిసారి వ్రాసిన వ్యాసము పోయిన మరల రాదు. దానికే ముందుగా చోటు చూపుదము.