షాఫ్ట్ కన్నా ముందు టైరు జారాలి

సంక్రాంతికి గుడివాడ వైపు బండలాగుడు పోటీలు చూసినవాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. ఒంగోలు గిత్తల జతకు అసలు కష్టం మొదటి అడుగులోనే. కదిలిన బండ ఎలాగో కదులుతుంది. నిలిచిన బండను కదిపే ఆ ఒక్క ఊపులోనే కాడి కిర్రుమంటుంది, గొలుసు బిగుసుకుంటుంది. తెగేది ఏదైనా ఉంటే అప్పుడే తెగుతుంది.

డ్రాగ్ రేసు కారుకూ అంతే. పావు మైలు, అంటే సుమారు 402 మీటర్ల తిన్నని దారి. ఆగి ఉన్న బండి ఒక్కసారిగా దూకాలి. ఆ దూకుడు భారమంతా మోసేది ప్రొపెల్లర్ షాఫ్ట్. బొలెరో, స్కార్పియో, పాత అంబాసిడర్ కిందికి వంగి చూస్తే గేర్‌బాక్సు నుంచి వెనక యాక్సిల్ దాకా కనిపించే గొట్టం అదే. స్విఫ్ట్ లాంటి ముందు చక్రాల బండికి ఈ గొట్టం ఉండదు. ముందు చక్రాలకు వెళ్లే రెండు పొట్టి షాఫ్ట్‌లే ఆ పని చేస్తాయి.

షాఫ్ట్ మార్చాలనుకునేవాళ్లు ముందు హెచ్‌పీ గురించి ఆలోచిస్తారు. షాఫ్ట్‌ను విరిచేది హెచ్‌పీ కాదు, టార్క్. అంటే మెలితిప్పే బలం. లెక్క వేసి చూద్దాం. ఇంజను టార్క్ 300 న్యూటన్ మీటర్లు, ఫస్ట్ గేరు నిష్పత్తి 4 అనుకుందాం. షాఫ్ట్ మీద పడేది 1,200. అదే బండి టాప్ గేరులో, నిష్పత్తి 1 దగ్గర పరుగెడుతుంటే పడేది 300 మాత్రమే. అందుకే షాఫ్ట్‌కు గండం గమ్యం దగ్గర కాదు, బయలుదేరే గీత దగ్గర.

ఇప్పుడు లెక్కను టైరు వైపు నుంచి వేద్దాం. బండి బరువు 1,500 కిలోలు. దూకేటప్పుడు బరువు వెనక్కి వాలి, 900 కిలోలు వెనక చక్రాల మీద పడిందనుకుందాం. మంచి తారు రోడ్డు మీద మామూలు టైరు పట్టు దాదాపు తన మీద ఉన్న బరువంత. చక్రం వ్యాసార్థం 32 సెంటీమీటర్లయితే, ఆ పట్టును దాటడానికి యాక్సిల్ దగ్గర సుమారు 2,800 న్యూటన్ మీటర్లు కావాలి. వెనక యాక్సిల్‌లోని క్రౌన్ పినియన్ గేరు నిష్పత్తి 4 అయితే షాఫ్ట్ దగ్గర అది 700. అంటే ఇంజను 1,200 ఇవ్వగలిగినా, 700 దాటగానే టైరు జారిపోతుంది, షాఫ్ట్ బతికిపోతుంది. టైరే ఇక్కడ ఫ్యూజు. అదే బండికి మెత్తని రేసింగ్ టైర్లు వేసి పట్టు ఒకటిన్నర రెట్లు చేశామంటే షాఫ్ట్ 1,050 దాకా మోయాలి. ఇంజను ముట్టుకోకుండా, టైర్లు మాత్రమే మార్చిన బండికి షాఫ్ట్ ఎందుకు విరిగిందో ఇప్పుడు అర్థమవుతుంది. క్లచ్ ఒక్కసారిగా వదిలినప్పటి కుదుపు కూడా ఉంటుంది కాబట్టి, ఇలా వచ్చిన అంకెకు కనీసం రెట్టింపు తట్టుకునే షాఫ్ట్ వెయ్యాలంటాను.

ఇక గొట్టం సంగతి. బలం కావాలంటే మందం కన్నా ముందు వ్యాసం పెంచాలి. రేకు మందం అలాగే ఉంచి గొట్టాన్ని 50 మిల్లీమీటర్ల నుంచి 75కు పెంచితే బరువు సుమారు ఒకటిన్నర రెట్లవుతుంది, మెలిని తట్టుకునే బలం మాత్రం రెండు రెట్లు దాటుతుంది.

పొడవు మరో చిక్కు. నిమిషానికి 6,000 చుట్లంటే షాఫ్ట్ సెకనుకు వందసార్లు తిరుగుతున్నట్టు. ఒక వేగం దాటాక పొడవాటి గొట్టం తాడాటలో తాడులా మధ్యలో ఊగడం మొదలుపెడుతుంది. పొడవు రెట్టింపైతే ఆ ప్రమాదపు వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌కు వచ్చే లారీల కింద షాఫ్ట్ రెండు, మూడు ముక్కలుగా ఉండి మధ్యలో సెంటర్ బేరింగ్ ఉండేది ఇందుకే.

షాఫ్ట్ విప్పే ముందు రెండు ముక్కల మీదా పంచ్‌తో ఎదురెదురుగా చుక్క పెట్టుకోండి. రెండు చివర్ల యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. స్ప్లైన్ ఒక్క పన్ను తప్పి ఎక్కినా బండి వణుకుతుంది, షాఫ్ట్ చివర్ల కీళ్లయిన క్రాస్‌లు తొందరగా పోతాయి. గొట్టానికి అంటించి ఉండే చిన్న ఇనుప బిళ్లలు బ్యాలెన్సింగ్ కోసం వేసినవి. పెయింట్ గీకుతూ వాటిని ఊడగొట్టకండి.

విరిగిన షాఫ్ట్‌ను పారేయకముందు దాని ముఖం చూడండి. సుద్దముక్కను మెలితిప్పితే అది అడ్డంగా విరగదు, మర చుట్టులా ఏటవాలుగా విరుగుతుంది. పెళుసైన ఉక్కూ అంతే. మెత్తని ఉక్కు మెలితిరిగి అడ్డంగా తెగుతుంది. విరిగిన ముఖంలో ఒక భాగం నునుపుగా తుప్పు పట్టి, మిగతాది గరుకుగా మెరుస్తుంటే పగులు ఎప్పుడో మొదలైందన్నమాట. అలాంటిదాన్ని వెల్డింగ్ చేయించి మళ్లీ రేసుకు పంపకూడదు.

ఏది ముందు లొంగాలో ముందే నిర్ణయించుకోవడం డెల్టా రైతుకు కొత్తేమీ కాదు. దమ్ములో రోటవేటర్ కత్తులు మొద్దుకు తగిలితే షాఫ్ట్ దగ్గరి షియర్ బోల్ట్ తెగి గేర్‌బాక్సును కాపాడుతుంది. దాని బదులు గట్టి బోల్ట్ బిగిస్తే ఈసారి పోయేది గేర్‌బాక్సే. కారులో ఆ షియర్ బోల్ట్ పని టైరుకే అప్పగించాలి. షాఫ్ట్‌కు అప్పగించకూడదు, ఎందుకంటే అది మనిషి కూర్చున్న సీటు పక్కనే తిరుగుతుంది. ముందు క్రాస్ తెగి షాఫ్ట్ కొస నేలకు గుచ్చుకుంటే బండి పల్టీ కొట్టగలదు. అందుకే అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ వేగంగా పోయే బండ్లకు షాఫ్ట్ చుట్టూ ఇనుప కడియం తప్పనిసరి చేసింది. పావు అంగుళం మందం, రెండంగుళాల వెడల్పు ఉన్న పట్టీ, ముందు క్రాస్‌కు ఆరంగుళాల లోపు ఉండాలి. షాఫ్ట్‌కు డబ్బు పెట్టే ముందు ఈ కడియం చేయించండి.

చివరిగా కుర్రాళ్లకు ఒక మాట. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరి హైవే రేసు ట్రాక్ కాదు. బహిరంగ రోడ్డు మీద పందెం మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం. సరదా తీరాలంటే అనుమతి ఉన్న ట్రాక్‌కు వెళ్లండి. ఎంత గట్టి షాఫ్ట్ వేసినా, అడ్డం వచ్చిన మనిషిని అది కాపాడలేదు.