కార్డు తీసుకునే ముందు కూర్చుని లెక్క చూడండి



ఆరాధన ముగిశాక మందిరం మెట్ల దగ్గర యౌవనస్థులు ఈమధ్య తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది: "అయ్యగారూ, క్యాష్‌బ్యాక్ కార్డు తీసుకోవచ్చా? ఏది మంచిది?"

తీసుకోవచ్చు. అయితే మంచి కార్డేదో తెలియాలంటే ముందు మన ఇంటి ఖర్చు మనకు తెలియాలి. గోపురం కట్టాలనుకున్నవాడు మొదట కూర్చుని లెక్క చూసుకోవాలని లూకా 14వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన మాట ఇక్కడా వర్తిస్తుంది. మూడు నెలల ఖర్చు ఒక నోటుబుక్కులో రాయండి.

కామారెడ్డిలో నెల జీతం మీద బతికే ఒక కుటుంబం అనుకుందాం. అమెజాన్‌లో నెలకు 1,500, స్వైప్ మిషన్ ఉన్న దుకాణంలో సరుకులకు 4,000. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు ఆన్‌లైన్ కొనుగోలుకు 5 శాతం, బయట 1 శాతం ఇస్తుంది. అంటే నెలకు 115, ఏడాదికి 1,380 రూపాయలు. బాగానే ఉంది కదా? కానీ దాని వార్షిక రుసుము 999, జీఎస్టీతో దాదాపు 1,179. ఏడాదిలో రెండు లక్షలు ఖర్చు చేస్తేనే ఆ రుసుము మాఫీ. మిగిలేది 200. పైగా పెట్రోలు, ఇంటి అద్దె, కరెంటు బిల్లు, స్కూలు ఫీజులకు అందులో క్యాష్‌బ్యాక్ లేదు. మన ఇళ్లలో పెద్ద ఖర్చులు అవే!

అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు వార్షిక రుసుము లేదు. ప్రైమ్ సభ్యత్వం లేనివారికి అమెజాన్‌లో 3 శాతం, బయట 1 శాతం. ఇదే కుటుంబానికి ఏడాదికి 1,020 మిగులుతుంది. అయితే అది అమెజాన్ పే బ్యాలెన్స్‌గా వస్తుంది. షరతులు మారుతుంటాయి గనుక దరఖాస్తుకు ముందు బ్యాంకు సైట్‌లో ఒకసారి చూసుకోండి.

కిరాణా కొట్టులో క్యూఆర్ మాత్రమే ఉంటే యూపీఐకి జోడించగలిగేది రూపే క్రెడిట్ కార్డే. కానుకల క్యూఆర్‌కు దశమభాగం ఇలా పంపితే క్యాష్‌బ్యాక్ వస్తుందా అని ఒక తమ్ముడు అడిగాడు. నవ్వొచ్చింది గానీ, ప్రభువుకిచ్చేది అప్పు తెచ్చి ఇవ్వొద్దన్నాను.

అసలు ప్రమాదం వడ్డీలో ఉంది. చాలా కార్డుల్లో అది నెలకు 3.5 శాతం దాకా, ఏడాదికి 42 శాతం. క్రిస్మస్ బట్టలకు చేసిన 10,000 బిల్లు ఒక నెల నిలిచిపోతే వడ్డీ, దానిపై జీఎస్టీ కలిపి సుమారు 413 రూపాయలు. పైన చెప్పిన కుటుంబానికి ఐదు నెలల క్యాష్‌బ్యాక్ అక్కడే పోయింది. "కనీస మొత్తం" కట్టినా మిగతాదానికి కొన్న రోజు నుంచి వడ్డీ పడుతుంది. పాత బాకీ తీరేదాకా కొత్త కొనుగోళ్లకూ గడువు ఉండదు. వడ్డీ 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఇచ్చిన తీర్పును 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది.

ఎల్లారెడ్డి వైపు వరి మీద బతికే కుటుంబాలకు వానాకాలం, యాసంగి వడ్లు అమ్మినప్పుడే చేతికి పైసలొస్తాయి. కార్డు బిల్లు నెలనెలా వస్తుంది. వారికి నేను వద్దనే చెబుతాను. కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంటరుణం సకాలంలో కడితే వడ్డీ ఏడాదికి 4 శాతమే.

ఇప్పటికే తీసుకుని బాధపడుతున్నవారు బాకీ మొత్తం తీర్చి, మూసేయమని బ్యాంకుకు రాసి ఇవ్వండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు బ్యాంకే మీకు కట్టాలి.