మూడు తీగల మీద ‘ఆటమ్ లీవ్స్’

జాజ్ గిటార్ మొదలుపెట్టినవాళ్ళ చేతికి తొలిరోజుల్లోనే వచ్చే పాట ‘ఆటమ్ లీవ్స్’. బుడాపెస్ట్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన జోసెఫ్ కోస్మా 1945లో కట్టిన బాణీ ఇది. ఫ్రెంచ్ సాహిత్యం జాక్ ప్రెవేర్‌ది, ఇంగ్లీషు సాహిత్యం జానీ మెర్సర్‌ది. కానన్‌బాల్ ఆడర్లీ, మైల్స్ డేవిస్ 1958లో వాయించిన రికార్డు వినకుండా మాత్రం గిటార్ ముట్టుకోవద్దు.

కాగితం మీద చూస్తే గుండె జారుతుంది. మొదటి ఎనిమిది బార్లలోనే ఏడు కార్డులు: సి మైనర్ సెవెన్, ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్ మేజర్ సెవెన్, ఈ ఫ్లాట్ మేజర్ సెవెన్, ఎ హాఫ్ డిమినిష్డ్, డి సెవెన్, జి మైనర్. పేర్లు బట్టీ పట్టకండి, ఫ్రెట్లు చూడండి. ఈ కార్డుల ఆధార స్వరాలు ఆరో తీగ మీద ఒకటి, ఐదో తీగ మీద ఒకటిగా పడతాయి. ఫ్రెట్లు వరసగా 8, 8, 6, 6, 5, 5, 3.

ఇది కాకతాళీయం కాదు. ఆరో తీగ సెకనుకు 82.4 సార్లు, ఐదోది 110 సార్లు కంపిస్తాయి. నిష్పత్తి దాదాపు 3:4, అంటే షడ్జమానికీ శుద్ధ మధ్యమానికీ ఉన్న దూరం. పాటలో సి నుంచి ఎఫ్‌కి, బి ఫ్లాట్ నుంచి ఈ ఫ్లాట్‌కి, ఎ నుంచి డి‌కి ఉన్నదీ అదే దూరం. అందుకే ప్రతి జంటా ఒకే ఫ్రెట్‌లో కుదురుకుంది.

ఆధార స్వరానికి తోడు రెండే స్వరాలు చాలు. మూడోది కార్డ్ మేజరో మైనరో చెబుతుంది, ఏడోది దాని స్వభావాన్ని తేలుస్తుంది. పంచమాన్ని వదిలేయొచ్చు, ఎందుకంటే మోగే తీగలో మూడు రెట్ల వేగంతో కంపించే అనుస్వరం పంచమమే. (హాఫ్ డిమినిష్డ్‌లో పంచమం ఒక మెట్టు తగ్గుతుంది, అక్కడ కొంత రంగు పోతుంది, నిజమే.) ఆ రెండు స్వరాలూ నాలుగు, మూడు తీగల మీద ఉంటాయి. నాలుగో తీగ 8, 7, 7, 5, 5, 4, 3. మూడో తీగ 8, 8, 7, 7, 5, 5, 3. చివరి మార్పు తప్ప ప్రతిసారీ వీటిలో ఒక్క వేలే కదులుతుంది. ఒక కార్డ్‌లో మూడో స్వరంగా ఉన్నది కదలకుండానే తర్వాతి కార్డ్‌లో ఏడో స్వరమైపోతుంది. నాలుగో తీగ నాలుగో ఫ్రెట్ దగ్గర ఆగి వినండి: నఠభైరవిలా సాగుతున్న పాటలోకి కాకలి నిషాదం వచ్చి కీరవాణి ఛాయ తెస్తుంది.

నాకు అన్నిటికంటే ముచ్చట గొలిపేది మూడో తీగ. బాణీలో నిలిపి పాడే స్వరాలు ఈ ఫ్లాట్, డి, సి, బి ఫ్లాట్. మూడో తీగ మీద 8, 7, 5, 3 అవే. అంటే కార్డులు వాయిస్తుంటేనే పాట అస్థిపంజరం వినిపిస్తుంది.

ఇది జి మైనర్ శ్రుతి. ఈ మైనర్‌లో కావాలంటే అన్నీ మూడు ఫ్రెట్లు వెనక్కి జరపండి. అప్పుడు ఏడో కార్డ్‌కు ఎడమచేతి వేలు ఒక్కటీ ఆనక్కర్లేదు. మూడూ ఖాళీ తీగలే.