డైనమో సంపాదన, బ్యాటరీ పొదుపు

బ్యాటరీల మాట వస్తే తిరుపతి పేరు రాకుండా ఉండదు. గల్లా రామచంద్రనాయుడు 1985లో స్థాపించిన అమరరాజా కర్మాగారం ఊరి పక్కన కరకంబాడిలోనే ఉంది. అలాంటి చోట సైకిలుకు డైనమో కావాలనడం పాతకాలపు మాటగా తోచవచ్చు. కానీ బ్యాటరీ కరెంటును దాచుకుంటుంది, పుట్టించదు. వేకువనే పాల క్యాన్లతో బయల్దేరేవారి సైకిలుకూ, రాత్రి షిఫ్టు దిగి రేణిగుంట రోడ్డు పట్టే కార్మికుడి సైకిలుకూ లైటు వెలగాలంటే, ముందురోజే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని ఛార్జింగ్ పెట్టి ఉండాలి. మరిచిపోతే వెనక వచ్చే లారీకి ఆ మనిషి కనిపించడు. కరెంటు సంపాదించే పని డైనమోది, దాచే పని బ్యాటరీది అనుకుంటే ఈ చిక్కు విడిపోతుంది.

తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే కరెంటు పుడుతుందని 1831లో ఫారడే చూపించాడు. టైరు పక్కకు ఆనుకుని తిరిగే సీసా ఆకారపు డైనమోలో జరిగేదీ అదే. అది సాధారణంగా 6 వోల్టుల దగ్గర 3 వాట్లు ఇస్తుంది. పాత పద్ధతిలో ముందు బల్బుకు 2.4, వెనక బల్బుకు 0.6 వాట్లు పోయేవి. తీగ బల్బులు ఆ కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగా మార్చేసేవి కాబట్టి వెలుగు మసగ్గా ఉండేది. చిత్తూరు వైపు ఎగుడుదిగుడు రోడ్ల మీద మరీ కష్టం. ఎత్తు ఎక్కుతుంటే వేగం తగ్గి లైటు మినుకుమనేది, పల్లంలో వోల్టేజి పెరిగి బల్బు మాడేది. వెనక బల్బు పోతే దాని వాటా కూడా ముందు బల్బు మీదే పడి అదీ పోయేది. జనం డైనమోను వదిలేయడానికి అసలు కారణం ఆ బల్బులే అని నాకనిపిస్తుంది. ఇప్పుడు ఒక్క వాట్ ఎల్‌ఈడీ చాలు, ఆ పాత బల్బు కన్నా మూడు నాలుగు రెట్ల వెలుగు వస్తుంది.

డైనమో వేస్తే తొక్కడం బరువవుతుందనే మాట నిజమే. చదును రోడ్డుపై గంటకు 15 కిలోమీటర్ల వేగానికి కాళ్లు పెట్టే శక్తి 50 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది. రాపిడిలో పోయేది కూడా కలుపుకుంటే 3 వాట్ల కోసం ఏడెనిమిది వాట్లు అదనంగా తొక్కాలి. చక్రం ఇరుసులోనే ఇమిడే డైనమో అయితే నాలుగైదు వాట్లతో సరిపోతుంది, ధర మాత్రం చాలా ఎక్కువ. వానలో టైరు మీద రోలరు జారుతుందన్నదీ నిజమే. తిరుపతిలో ఈశాన్య రుతుపవనాల వానలు పడే నవంబరులోనే పొద్దు త్వరగా గుంకుతుంది కూడా. డైనమో ఒక్కదాన్నే నమ్ముకోకుండా బ్యాటరీని జత చేయమనడం అందుకే. రోలరు జారినా, లీలామహల్ కూడలిలో సిగ్నల్ దగ్గర సైకిలు ఆగినా లైటు ఆరదు.

చవగ్గా దొరికే ఛార్జింగ్ లైటు ఉండగా ఇంత తతంగం దేనికని అడగవచ్చు. నెలకు రెండుసార్లు చీకట్లో తిరిగేవారికి అదే మేలు. రోజూ తిరిగేవారి సంగతి వేరు. ఇక్కడి మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఛార్జింగ్ లైట్లలో ఎక్కువగా ఉండే మామూలు లిథియం సెల్‌ను 45 డిగ్రీలు మించిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. ఎండలో నిలిపిన సైకిలు మీది నల్ల పెట్టె ఆ హద్దు దాటడానికి ఎంతోసేపు పట్టదు. డైనమోతో వాడే బ్యాటరీకైతే నాలుగు నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ వరసగా కలిపితే 4.8 వోల్టులు వస్తాయి, 6 వోల్టుల డైనమోకు అది చక్కగా కుదిరే జత. ఫోను ఛార్జింగ్ మీద మాత్రం పెద్ద ఆశలు వద్దు. 5,000 ఎంఏహెచ్ ఫోను నిండాలంటే లైటు ఆర్పేసి కూడా ఎనిమిది గంటలకు పైగా తొక్కాలి.

డైనమోకు బ్యాటరీని కలిపే పని సైకిలు షాపులో అయ్యేదే. డైనమో ఇచ్చేది ఏసీ, బ్యాటరీకి కావలసింది డీసీ. నాలుగు డయోడ్లు ఆ మార్పు చేస్తాయి. మామూలు సిలికాన్ డయోడ్లు వేస్తే ఉన్న 6 వోల్టుల్లో 1.4 వాటికే పోతాయి, షాట్కీ రకం వేస్తే అందులో సగం మిగులుతుంది. బ్యాటరీ నిండగానే కరెంటు ఆపే చిన్న సర్క్యూట్ తప్పనిసరి. రెండో తీగ ఖర్చు మిగులుతుందని సైకిలు ఫ్రేమునే తిరుగుదారిగా వాడటం పాత అలవాటు. రంగు, తుప్పు అడ్డుపడి లైటు ఆగేది చాలాసార్లు అక్కడే. వెనక లైటు దాకా రెండు తీగలూ లాగమని మెకానిక్‌కు ముందే చెప్పండి.