కరువు కబురు: అపోహలు – వాస్తవాలు

ఏటా ఏప్రిల్‌లో భారత వాతావరణ శాఖ నైరుతి ఋతుపవనాల తొలి అంచనా ఇస్తుంది, మే చివర దాన్ని సవరిస్తుంది. ఆ కబురు సరిగ్గా అర్థమైతే విత్తనం ఎంచుకునేటప్పుడే నష్టం తగ్గించుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లా భావనపాడు పరిసరాల్లో పాతుకుపోయిన కొన్ని అపోహలు దీనికి అడ్డుపడుతున్నాయి.

అపోహ: సముద్రం పక్కనే ఉన్నాం, తుఫాన్లు వస్తూనే ఉంటాయి. మనకు కరువేమిటి?
వాస్తవం: శ్రీకాకుళం జిల్లాలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగానే కురుస్తుంది. కానీ వరికి అదను ముఖ్యం. జూలైలో ఎదలు ఎండి, ఆగస్టులో ఉభాలు ఆగిపోతే అక్టోబరు తుఫాను వాటిని బతికించలేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను వరిని ముంచి, ఉద్దానం కొబ్బరిని, జీడిని కూల్చిపోయింది. పైగా పక్కనే నౌపడలో ఉప్పు పండే నేల ఇది. బోరులో ఉప్పునీరు పడొచ్చు కాబట్టి, వాన తప్పితే తీరాన ప్రతిచోటా బోరు ఆదుకోదు.

అపోహ: ‘సాధారణ వర్షపాతం’ అన్నారు, ఇక దిగులు లేదు.
వాస్తవం: అది దేశమంతటికీ, నాలుగు నెలలకూ కలిపి చెప్పే మాట. దీర్ఘకాల సగటు 87 సెంటీమీటర్లలో 96 నుంచి 104 శాతం పడితే సాధారణం అంటారు. 2023 ఏప్రిల్‌లో 96 శాతం అన్నారు, 94 శాతం పడింది. అయినా ఆ ఏడాది ఆగస్టు, 1901 తర్వాత దేశం చూసిన ఆగస్టులన్నిటిలోకీ అతి తక్కువ వాన పడిన నెల.

అపోహ: ఎల్‌నినో వస్తే కరువు ఖాయం.
వాస్తవం: పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో కరువు అవకాశాన్ని పెంచుతుంది, అంతే. 1997లో చాలా బలంగా వచ్చినా మన దేశంలో వాన సగటును దాటింది. అంత బలం లేని 2002లో దాదాపు ఐదో వంతు తగ్గింది.

అపోహ: మన మండలం అంచనా చూసుకుంటే చాలు.
వాస్తవం: వంశధార పుట్టేది ఒడిశా కొండల్లో. గొట్టా బ్యారేజీ నుంచి ఎడమ కాలువ నీరు శివారు ఆయకట్టుకు ఆఖరున చేరుతుంది. అందుకే ఎగువ వానల కబురూ చూడాలి.

అపోహ: ఒకసారి తప్పింది, ఇక నమ్మక్కర్లేదు.
వాస్తవం: కరువుకు 60 శాతం అవకాశం అంటే, రాకపోవడానికి 40 శాతం ఉన్నట్టే. ఒక్క ఏడాదితో అంచనా తప్పొప్పులు తేల్చలేం.

ఏం చేయాలి?
వానలు తగ్గుతాయన్న అంచనా ఉంటే పొలమంతా 150 రోజుల స్వర్ణ వేయకండి. కొంత భాగంలో 120 రోజుల కాటన్‌దొర సన్నాలు, మెట్టలో చోడి వేసుకోండి. పంట బీమా గడువు దాటనివ్వకండి. సీజన్ మొదలయ్యాక మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహాలు మేఘదూత్ యాప్‌లో చూడండి. బెట్ట కొనసాగుతుందంటే తడి లేని నేలలో యూరియా చల్లకండి.

ఫోన్ లేనివారికి రైతు సేవా కేంద్రాల్లో ఈ సలహాలు చదివి వినిపించాలి. అప్పు తెచ్చి మదుపు పెట్టే కౌలు రైతుకు అందరికంటే ముందు అందాల్సిన సమాచారం ఇది.