'తిఫ్రా' లింకులో 54 గుర్తులెందుకు?

ఛత్తీస్‌గఢ్‌లోని రైల్వే పట్టణం బిలాస్‌పూర్‌లో తిఫ్రా ఉంది. రైల్వే ఉద్యోగాలతో ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలున్నాయి. వారిలో ఎవరైనా 'తిఫ్రా' అని తెలుగు వికీపీడియాలో వెతికి, ఆ లింకును బంధువులకు పంపారనుకుందాం. అవతలివారికి ఊరి పేరుకు బదులు % గుర్తులతో నిండిన పొడవాటి వరుస కనిపించవచ్చు. లింకు పాడైందేమో, మోసమేమో అని సందేహం వస్తుంది. కానీ ఆ వరుసలో ఉన్నది ఊరి పేరే.

వెబ్ చిరునామాలో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులకే చోటుంది. మిగిలినవాటిని 'పర్సెంట్ ఎన్‌కోడింగ్' పద్ధతిలో మార్చాలి. ఒక్కో బైటుకు ఒక %, దాని వెంట రెండు గుర్తుల కోడ్ వస్తాయి. ఖాళీ జాగా %20 అవుతుంది. 2005లో వెలువడిన ఆర్ఎఫ్‌సీ 3986 ప్రమాణంలో ఈ నియమాలున్నాయి.

తిఫ్రా కంటికి రెండక్షరాలే. యూనికోడ్ లెక్కలో త, గుడి, ఫ, పొల్లు, ర, దీర్ఘం కలిపి ఆరు. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 18. బైటుకు 3 గుర్తుల చొప్పున 54.

కొన్ని గుర్తులకు చిరునామాలో ప్రత్యేకమైన పని ఉంది. & ఒక వివరాన్ని మరోదాని నుంచి విడదీస్తుంది. దుకాణం పేరులోని & ను %26గా మార్చకపోతే సర్వర్‌కు సగం పేరే అందుతుంది. # తర్వాతి భాగం బ్రౌజర్‌లోనే ఆగిపోతుంది, అందుకే దాన్ని %23గా మార్చాలి. మార్చినదాన్ని మళ్లీ మార్చినా చిక్కే: %20 కాస్తా %2520 అవుతుంది. కాబట్టి ప్రోగ్రామర్లు ప్రతి వివరాన్నీ విడిగా, ఒక్కసారే మార్చాలి.

ఇక లింకును నమ్మాలా వద్దా అన్నది % గుర్తులను బట్టి తేల్చలేం. ముందుగా ఉన్న సైటు పేరు చూడాలి.